యూనిట్ – 9 : సుదీర్ఘ మెథడ్‌లు – సంక్లిష్టతను కొలవడం, కోడ్‌ను పునర్వ్యవస్థీకరించడం

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• కోడ్ సంక్లిష్టత అంటే ఏమిటో, దాన్ని ఎందుకు కొలుస్తారో వివరించగలుగుతారు.
• ఒక మెథడ్‌కు సైక్లోమాటిక్ సంక్లిష్టతను చేత్తో లెక్కకట్టగలుగుతారు.
• సుదీర్ఘమైన మెథడ్‌ను, దాని ఫలితం మారకుండా, చిన్న మెథడ్‌లుగా విడదీయగలుగుతారు.
• సంక్లిష్టత సంఖ్య దేన్ని చెబుతుందో, దేన్ని చెప్పదో గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

ప్రోగ్రాము సరిగా పనిచేస్తే చాలదా, అది ఎలా రాసి ఉంటేనేమి అని చాలామంది విద్యార్థులు అడుగుతారు. ప్రోగ్రామును ఒక్కసారే నడిపి పక్కన పెట్టేస్తే ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. కాని వాడుకలో ఉన్న ఏ ప్రోగ్రామూ అలా ఉండదు. ప్రభుత్వ నియమం మారుతుంది, ధర మారుతుంది, కొత్త అవసరం వస్తుంది. మార్పు చేయవలసిన వ్యక్తి ముందుగా పాత కోడ్‌ను చదివి అర్థం చేసుకోవాలి. ఆ వ్యక్తి మరెవరో కానక్కరలేదు; ఆరు నెలల తరువాత మీరే కావచ్చు.

దూరవిద్య విద్యార్థుల ప్రాజెక్టులలో తరచుగా కనిపించే రూపం ఒకటి ఉంది. సమాచారం తీసుకోవడం, సరిచూడడం, లెక్క కట్టడం, ముద్రించడం, భద్రపరచడం అన్నీ ఒకే మెథడ్‌లో, మూడు నాలుగు పేజీల పొడవున ఉంటాయి. దీనిని సుదీర్ఘ మెథడ్ అంటాం. మార్టిన్ ఫౌలర్ 1999లో వెలువరించిన ‘రీఫ్యాక్టరింగ్’ గ్రంథం కోడ్‌లో కనిపించే అనుమానాస్పద లక్షణాలను జాబితాగా ఇచ్చింది. ఆ జాబితాలో సుదీర్ఘ మెథడ్ ప్రముఖమైనది.

ఈ యూనిట్‌లో మనందరి ఇళ్లకూ వచ్చే కరెంటు బిల్లును ఉదాహరణగా తీసుకొని మొత్తం విషయాన్ని పరిశీలిద్దాం.

9.2 ఉదాహరణ: ఒక ఇంటి కరెంటు బిల్లు

శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలంలో ఒక ఇంటిని ఊహించండి. నెలనెలా మీటరు రీడరు వచ్చి, రీడింగు చూసి, చేతిలోని యంత్రంలో నమోదు చేసి, అక్కడికక్కడే బిల్లు చింపి ఇస్తారు. ఈ ప్రాంతానికి విద్యుత్తును అందించేది విశాఖపట్నం కేంద్రంగా ఉన్న ఆంధ్రప్రదేశ్ తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. ధరలను నిర్ణయించేది మాత్రం ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి. 2022-23 సంవత్సరానికి మండలి గృహ వినియోగానికి ప్రకటించిన యూనిట్ ధరలు ఇవి:

0 – 30 యూనిట్లు : రూ. 1.90
31 – 75 యూనిట్లు : రూ. 3.00
76 – 125 యూనిట్లు : రూ. 4.50
126 – 225 యూనిట్లు : రూ. 6.00
226 – 400 యూనిట్లు : రూ. 8.75
400 యూనిట్ల పైన : రూ. 9.75

ఈ స్లాబులు మెట్ల వంటివి. 100 యూనిట్లు వాడిన ఇంటికి మొత్తం 100 యూనిట్లకూ రూ. 4.50 చొప్పున కట్టరు. మొదటి 30 యూనిట్లకు రూ. 57.00, తరువాతి 45 యూనిట్లకు రూ. 135.00, మిగిలిన 25 యూనిట్లకు రూ. 112.50, మొత్తం రూ. 304.50 అవుతుంది. స్థిర ఛార్జీలు, విద్యుత్ సుంకం వంటివి కూడా బిల్లులో ఉంటాయి. పాఠం సులభంగా సాగడం కోసం వాటిని ఇక్కడ వదిలివేస్తున్నాం.

కింద ఇచ్చిన మెథడ్ బోధన కోసం రాసినది. ఏ సంస్థా వాడుతున్న ప్రోగ్రాము కాదు. ఏ భాషలోనైనా మీరు రాసుకొనేందుకు వీలుగా సూడో కోడ్ రూపంలో ఇస్తున్నాం.

మెథడ్: బిల్లుల_తయారీ
1. జాబితాలోని ప్రతి వినియోగదారుకు:
2.   మీటరు ఆగిపోయింది లేదా ఇంటికి తాళం ఉంది అయితే
3.     "రీడింగు అందలేదు" అని ముద్రించి తరువాతి వారికి వెళ్లు
4.   కొత్త_రీడింగు < పాత_రీడింగు అయితే
5.     "రీడింగు సరిచూడండి" అని ముద్రించి తరువాతి వారికి వెళ్లు
6.   యూనిట్లు = కొత్త_రీడింగు − పాత_రీడింగు
7.   యూనిట్లు ≤ 30 అయితే ఛార్జీ = యూనిట్లు × 1.90
8.   కాకుంటే, యూనిట్లు ≤ 75 అయితే ఛార్జీ = 57 + (యూనిట్లు − 30) × 3.00
9.   కాకుంటే, యూనిట్లు ≤ 125 అయితే ఛార్జీ = 192 + (యూనిట్లు − 75) × 4.50
10.   కాకుంటే, యూనిట్లు ≤ 225 అయితే ఛార్జీ = 417 + (యూనిట్లు − 125) × 6.00
11.   కాకుంటే, యూనిట్లు ≤ 400 అయితే ఛార్జీ = 1017 + (యూనిట్లు − 225) × 8.75
12.   ఏదీ కాకుంటే ఛార్జీ = 2548.25 + (యూనిట్లు − 400) × 9.75
13.   మొత్తం = ఛార్జీ
14.   పాత బకాయి ఉంటే మొత్తం = మొత్తం + బకాయి
15.   బిల్లు ముద్రించు
16.   మొబైల్ నంబరు ఉంటే సంక్షిప్త సందేశం పంపు

ఇక్కడ 16 వరుసలే ఉన్నాయి కదా అనుకోవద్దు. అసలు ప్రోగ్రాములో 15వ వరుస ఒక్కటే పాతిక ముప్పై వరుసలు అవుతుంది: పేరు, సర్వీసు నంబరు, తేదీలు, రీడింగులు, గడువు. సందేశం పంపడం కూడా అంతే. మొత్తం మెథడ్ సులభంగా వంద వరుసలు దాటుతుంది.

9.3 సంక్లిష్టతను కొలవడం

9.3.1 వరుసల సంఖ్య
అన్నిటికంటే సులభమైన కొలత వరుసలను లెక్కించడం. ఇది పనికిమాలిన కొలత కాదు. తెరమీద ఒకేసారి కనబడని మెథడ్‌ను చదివేవారు పైకీ కిందికీ జరుపుకొంటూ, ఎక్కడో పైన ఇచ్చిన చలరాశి విలువను గుర్తుపెట్టుకొంటూ చదవాలి. కాని నిలువుగా సాగే 40 ముద్రణ వరుసలు, ఒకదానిలో ఒకటి దూరిన 40 షరతులు ఈ కొలతకు సమానమే. ఆ తేడాను పట్టుకోవాలంటే వేరే కొలత కావాలి.

9.3.2 సైక్లోమాటిక్ సంక్లిష్టత
థామస్ మెకేబ్ 1976లో ప్రచురించిన పరిశోధనా పత్రంలో ఈ కొలతను ప్రతిపాదించారు. ఆలోచన గ్రాఫ్ సిద్ధాంతం నుంచి వచ్చింది. మెథడ్‌లోని ప్రతి పనినీ ఒక బిందువుగా, ఒక పని నుంచి మరో పనికి వెళ్లే దారిని ఒక గీతగా గీస్తే నియంత్రణ ప్రవాహ చిత్రం వస్తుంది. అప్పుడు

సంక్లిష్టత = గీతల సంఖ్య − బిందువుల సంఖ్య + 2

మన 14వ వరుసనే తీసుకోండి. ‘బకాయి ఉందా?’ ఒక బిందువు, ‘బకాయి కలుపు’ రెండోది, ‘బిల్లు ముద్రించు’ మూడోది. మొదటి దాని నుంచి రెండోదానికి, రెండోదాని నుంచి మూడోదానికి, మొదటిదాని నుంచి నేరుగా మూడోదానికి మొత్తం మూడు గీతలు. 3 − 3 + 2 = 2. అంటే ఈ ముక్కలో రెండు స్వతంత్ర మార్గాలు ఉన్నాయి.

ప్రతిసారీ బొమ్మ గీయనక్కరలేదు. ఒకే ప్రవేశం, ఒకే నిష్క్రమణ ఉన్న మెథడ్‌కు సులభ సూత్రం ఉంది: నిర్ణయాలను లెక్కించి 1 కలపండి. ప్రతి ‘అయితే’, ప్రతి ‘కాకుంటే…అయితే’, ప్రతి ఆవృత్తి ఒక్కొక్క నిర్ణయం. ఒకే షరతులో ‘మరియు’, ‘లేదా’ ఉంటే వాటిని కూడా ఒక్కొక్కటిగా లెక్కించడం వాడుక. ‘ఏదీ కాకుంటే’ కొత్త నిర్ణయం కాదు, కాబట్టి దాన్ని లెక్కించరు.

మన మెథడ్‌కు లెక్క:
1వ వరుస, ఆవృత్తి – 1
2వ వరుస, షరతు 1, అందులోని ‘లేదా’ 1 – 2
4వ వరుస – 1
7 నుంచి 11 వరుసలు – 5
14వ వరుస – 1
16వ వరుస – 1
నిర్ణయాలు 11; సంక్లిష్టత 11 + 1 = 12.

మెకేబ్ 10ని తగిన పైహద్దుగా సూచించారు. అది ప్రకృతి నియమం కాదని, అందులో మాయ ఏమీ లేదని ఆయనే చెప్పారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని అనేక సందర్భాల నుంచి ఒకదాన్ని ఎంచుకొనే మెథడ్‌కు ఆయన మినహాయింపు కూడా ఇచ్చారు. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ 1996లో వెలువరించిన నివేదిక, అనుభవం గల బృందాలు 15 వరకు హద్దు పెట్టుకొని కూడా విజయవంతంగా పనిచేశాయని పేర్కొంది. పైథాన్ కోడ్‌ను కొలిచే ‘రాడాన్’ అనే ఉచిత సాధనం 1–5కు ‘ఏ’, 6–10కి ‘బి’, 11–20కి ‘సి’ శ్రేణిని ఇస్తుంది. మన మెథడ్ దాని లెక్కలో ‘సి’లో పడుతుంది.

9.3.3 ఇతర కొలతలు
మారిస్ హాల్‌స్టెడ్ 1977లో మరో దారి చూపారు. ప్రోగ్రాములోని క్రియాచిహ్నాలను, వాటి మీద పనిచేసే రాశులను లెక్కించి, వాటి నుంచి ప్రోగ్రాము పరిమాణాన్నీ శ్రమనూ అంచనా వేసే పద్ధతి అది. ఇటీవలి కాలంలో సోనార్‌సోర్స్ సంస్థ ‘కాగ్నిటివ్ సంక్లిష్టత’ అనే కొలతను తెచ్చింది. దాని దృష్టి పరీక్షించే మార్గాల మీద కాదు, చదివే మనిషి మీద. షరతు లోపల షరతు ఉంటే లోతు పెరిగినకొద్దీ ఎక్కువ మార్కు వేస్తుంది. మన మెథడ్‌లో షరతులన్నీ ఆవృత్తి లోపల ఉన్నాయి కాబట్టి వాటికి అదనపు భారం పడుతుంది. ఆ పద్ధతిలో లెక్కిస్తే 17 వస్తుంది; ఆ సంస్థ సాధనం సాధారణంగా పెట్టే హద్దు 15.

మూడు కొలతలూ మూడు కిటికీల వంటివి. దేనిలోంచి చూసినా ఇల్లంతా కనబడదు. మూడూ ఒకే మెథడ్ వైపు వేలు చూపితే మాత్రం ముందుగా దాన్నే పరిశీలించాలి.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 1
గమనిక: సమాధానాన్ని మీ నోటుపుస్తకంలో రాసి, యూనిట్ చివర ఇచ్చిన సమాధానంతో సరిచూసుకోండి.
ఒక మెథడ్‌లో ఒక ఆవృత్తి, దాని లోపల ‘వయస్సు ≥ 60 మరియు ఆదాయం < హద్దు అయితే’ అనే ఒక షరతు, దానికి ‘కాకుంటే’ భాగం ఉన్నాయి. సైక్లోమాటిక్ సంక్లిష్టత ఎంత?

9.4 విడదీసే ముందు: పరీక్షల కంచె

బాహ్య ప్రవర్తన మారకుండా కోడ్ లోపలి నిర్మాణాన్ని మెరుగుపరచడమే రీఫ్యాక్టరింగ్. ఈ విషయంపై విలియం ఆప్‌డైక్ 1992లో ఇల్లినాయి విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత గ్రంథం తొలి సమగ్ర కృషిగా పేరు పొందింది. నిర్వచనంలో ‘ప్రవర్తన మారకుండా’ అనే మాటను గట్టిగా పట్టుకోండి. మారలేదని ఎలా తెలుస్తుంది? పరీక్షల ద్వారానే. కాబట్టి కోడ్‌పై చేయి వేయకముందే పరీక్షలు సిద్ధం చేసుకోవాలి.

స్లాబుల భాగంలో (7–12 వరుసలు) ఆరు మార్గాలు ఉన్నాయి. స్లాబుకు ఒకటి చొప్పున ఆరు పరీక్షలు పెడితే అన్ని వరుసలూ ఒకసారి నడుస్తాయి. కాని పొరపాట్లు స్లాబు మధ్యలో దాగవు. గట్టు దగ్గర దాగుతాయి. అందుకే ప్రతి హద్దుకూ అటూ ఇటూ పరీక్షించాలి. యూనిట్లు, రావలసిన ఛార్జీ రూపాయల్లో:

0 → 0.00
30 → 57.00
31 → 60.00
75 → 192.00
76 → 196.50
125 → 417.00
126 → 423.00
225 → 1017.00
226 → 1025.75
400 → 2548.25
401 → 2558.00

ఈ 11 విలువలనూ ప్రోగ్రాము నుంచి కాక, ధరల పట్టిక నుంచి చేత్తో లెక్కకట్టి రాసుకోండి. ప్రోగ్రాము ఇచ్చిన జవాబునే ‘రావలసిన జవాబు’గా రాసుకొంటే, పాత కోడ్‌లో తప్పు ఉన్నప్పుడు అదే ప్రమాణమై కూర్చుంటుంది.

9.5 విడదీయడం: ఒక్కొక్క అడుగు

9.5.1 ఎక్కడ విడదీయాలి?
మూడు ఆనవాళ్లు సహాయపడతాయి. మొదటిది, ‘ఇక్కడ నుంచి ఛార్జీ లెక్క’ వంటి వ్యాఖ్య రాయాలని మీకు అనిపించిన చోటు. ఆ వ్యాఖ్యే కొత్త మెథడ్‌కు పేరు అవుతుంది. రెండోది, కొద్ది సమాచారం లోపలికి వెళ్లి ఒకే ఫలితం బయటికి వచ్చే ముక్క. 7–12 వరుసలు చూడండి: యూనిట్లు లోపలికి, ఛార్జీ బయటికి; మిగిలినదేదీ వాటికి అక్కరలేదు. మూడోది, మారే కారణం. ధరలు మండలి ఉత్తర్వుతో మారతాయి. బిల్లు నమూనా ముద్రణ అవసరంతో మారుతుంది. సందేశం పంపే విధానం మొబైల్ సేవతో మారుతుంది. వేర్వేరు కారణాలతో మారేవి వేర్వేరు చోట్ల ఉండాలి.

9.5.2 మెథడ్‌ను వేరుచేయడం
ఒక్కసారి ఒక్క ముక్కనే వేరుచేయండి. పేరు పెట్టండి, ముక్కను అక్కడికి తరలించండి, పాత చోట ఆ పేరును పిలవండి, 11 పరీక్షలూ నడపండి. అన్నీ సరిగా ఉంటే గిట్ వంటి సాధనంలో భద్రపరచి తరువాతి ముక్కకు వెళ్లండి. ఒక పరీక్ష విఫలమైతే ఆ చిన్న అడుగును రద్దు చేస్తే చాలు. నాలుగు ముక్కలు ఒకేసారి తరలిస్తే తప్పు ఎందులో ఉందో వెతుక్కోవాలి.

ఇలా నాలుగు ముక్కలు వేరుచేసిన తరువాత:

మెథడ్: బిల్లుల_తయారీ
  జాబితాలోని ప్రతి వినియోగదారుకు:
    లోపం = రీడింగు_లోపం(వినియోగదారు)
    లోపం ఉంటే దానిని ముద్రించి తరువాతి వారికి వెళ్లు
    ఛార్జీ = విద్యుత్_ఛార్జీ(కొత్త_రీడింగు − పాత_రీడింగు)
    మొత్తం = బకాయితో_మొత్తం(ఛార్జీ, బకాయి)
    బిల్లు_అందించు(వినియోగదారు, మొత్తం)

ఇప్పుడు పై మెథడ్‌ను గట్టిగా చదివి చూడండి. కంప్యూటర్ తెలియని మీటరు రీడరుకు చదివి వినిపించినా ఏం జరుగుతున్నదో అర్థమవుతుంది. వివరం కావలసినవారు ఆ పేరు గల మెథడ్‌లోకి వెళతారు, అక్కరలేనివారు వెళ్లరు.

సంక్లిష్టతలు: బిల్లుల_తయారీ 3, రీడింగు_లోపం 4, విద్యుత్_ఛార్జీ 6, బకాయితో_మొత్తం 2, బిల్లు_అందించు 2. అత్యధికం 12 నుంచి 6కు దిగింది. అయితే అన్నిటినీ కూడండి: 17. మొదట ఉన్న 12 కంటే ఎక్కువే! దీనికి కారణం, ప్రతి మెథడ్‌కూ ఒక 1 కలవడం, లోపం ఉందా అని అడిగే కొత్త షరతు ఒకటి రావడం. కాబట్టి విడదీయడం వల్ల సంక్లిష్టత మాయమైందని చెప్పడం సరికాదు. చదివేవారు ఒక్కసారి మోయవలసిన బరువు తగ్గింది. బస్తాను నాలుగు సంచుల్లోకి సర్దితే బియ్యం తగ్గవు, మోయడం సులువవుతుంది.

9.5.3 షరతుల వరుసను పట్టికగా మార్చడం
విద్యుత్_ఛార్జీలో ఆరు సూత్రాలు ఒకే అచ్చులో ఉన్నాయి, అంకెలే వేరు. 57, 192, 417, 1017, 2548.25 అనేవి కింది స్లాబుల మొత్తాలు. మొదటి స్లాబు ధర మారితే ఈ ఐదింటినీ చేత్తో తిరిగి లెక్కకట్టాలి. ఒక్కటి మరచిపోయినా బిల్లు తప్పుతుంది. ధరలను పట్టికలో పెడితే ఈ ప్రమాదం పోతుంది.

పట్టిక (పై_హద్దు, ధర): (30, 1.90), (75, 3.00), (125, 4.50), (225, 6.00), (400, 8.75), (చాలా పెద్ద సంఖ్య, 9.75)

మెథడ్: విద్యుత్_ఛార్జీ(యూనిట్లు)
  ఛార్జీ = 0; కింది_హద్దు = 0
  పట్టికలోని ప్రతి వరుసకు:
    యూనిట్లు > కింది_హద్దు అయితే
      స్లాబు_యూనిట్లు = (యూనిట్లు, పై_హద్దు – వీటిలో చిన్నది) − కింది_హద్దు
      ఛార్జీ = ఛార్జీ + స్లాబు_యూనిట్లు × ధర
    కింది_హద్దు = పై_హద్దు
  ఛార్జీని తిరిగి ఇవ్వు

సంక్లిష్టత 6 నుంచి 3కు దిగింది. ధర మారితే పట్టికలో ఒక్క అంకె మారుతుంది.

ఇక్కడ విద్యార్థులు పడే గోతిని ముందే చూపిస్తాను. ధరల ఉత్తర్వులో ‘31 – 75’ అని ఉంటుంది కాబట్టి కింది హద్దుగా 31 అని రాస్తారు. అప్పుడు 75 − 31 = 44 యూనిట్లకే లెక్క పడుతుంది; ఉండవలసినవి 45. 75 యూనిట్ల ఇంటికి రూ. 192.00 బదులు రూ. 189.00 వస్తుంది. 225 యూనిట్ల ఇంటికి మూడు మెట్ల దగ్గర ఒక్కో యూనిట్ జారి రూ. 13.50 తగ్గుతుంది. బిల్లు తగ్గితే ఎవరూ ఫిర్యాదు చేయరు, కాబట్టి ఈ తప్పు నెలల తరబడి దాగి ఉండగలదు. 30 యూనిట్ల పరీక్ష దీనిని పట్టుకోదు. 31 యూనిట్ల పరీక్ష రూ. 60.00 బదులు రూ. 57.00 చూపి వెంటనే పట్టిస్తుంది.

దీనికి ఎదురు తప్పు మరింత బాధాకరం. మెట్ల లెక్కను వదిలి మొత్తం యూనిట్లకూ చివరి ధర వేస్తే, 76 యూనిట్ల ఇంటికి రూ. 196.50 బదులు రూ. 342.00 పడుతుంది. కూలి డబ్బుతో గడిచే ఇంటికి ఆ రూ. 145.50 చిన్న మొత్తం కాదు. ‘ప్రవర్తన మారకుండా’ అనే రెండు ముక్కల నిబంధన వెనుక ఉన్నది ఇటువంటి ఇల్లు.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 2
పట్టిక పద్ధతిలో 150 యూనిట్లకు ఛార్జీ ఎంత? ఆవృత్తిలోని షరతు ఎన్ని వరుసలకు నిజమవుతుంది?

9.6 కొలత చెప్పనిది

ఇప్పుడు ఈ యూనిట్‌లోని ముఖ్యాంశానికి వద్దాం. విద్యుత్_ఛార్జీ సంక్లిష్టత 3 అయింది. అయితే మూడు పరీక్షలు చాలునా? చాలవు. హద్దులు ఇంకా ఐదే, స్లాబులు ఇంకా ఆరే. ముందు కావలసిన 11 పరీక్షలూ ఇప్పుడూ కావాలి. నియమంలోని చిక్కు కోడ్ నుంచి పట్టికలోకి జరిగింది, అంతే. సైక్లోమాటిక్ కొలత షరతులను చూస్తుంది, పట్టికలను చూడదు. పట్టికలో 75 బదులు 57 అని పడితే ఏ కొలతా చెప్పదు. సంక్లిష్టత సంఖ్య కోడ్‌ను కొలుస్తుంది. కోడ్ అమలు చేసే నియమాన్ని కొలవదు.

రెండో హెచ్చరిక. సంఖ్యను తగ్గించడమే లక్ష్యంగా పెట్టుకొంటే దాన్ని మోసగించడం సులభం. సుదీర్ఘ మెథడ్‌ను 1–5, 6–12, 13–16 వరుసలుగా కోసి ‘భాగం1’, ‘భాగం2’, ‘భాగం3’ అని పేర్లు పెట్టి, పది చలరాశులను ఒకదాని నుంచి మరోదానికి పంపవచ్చు. సాధనం సంతృప్తి పడుతుంది. చదివేవారికి మాత్రం మూడు చోట్ల వెతికే పని పెరుగుతుంది. కొత్త మెథడ్ ఏమి చేస్తుందో దాని పేరే చెప్పగలగాలి. అటువంటి పేరు దొరకకపోతే కోత తప్పు చోట పడిందని గ్రహించండి.

మూడో హెచ్చరిక. పునర్వ్యవస్థీకరించేటప్పుడు కొత్త మార్పులు కలపవద్దు. రూపాయలను దశాంశ సంఖ్యలుగా కాక పైసలలో పూర్ణాంకాలుగా ఉంచడం మంచిదని మీకు తోచవచ్చు. అది మంచి ఆలోచనే, ఎందుకంటే 1.90 వంటి విలువను కంప్యూటర్ ద్విసంఖ్యా రూపంలో కచ్చితంగా నిలపలేదు. అయితే దానిని వేరే అడుగుగా, వేరే రోజున చేయండి. రెండూ కలిపితే పైసా తేడా వచ్చినప్పుడు అది దేనివల్ల వచ్చిందో తేలదు.

9.7 ఫలితం ఎప్పుడు కనబడుతుంది?

విడదీసిన రోజు ప్రోగ్రాము ఏ కొత్త పనీ చేయదు. దాని విలువ తరువాతి మార్పు వచ్చిన రోజున తెలుస్తుంది. ఒక మార్పును ఊహిద్దాం. ఇంటికి తాళం ఉండి ఒక నెల రీడింగు అందలేదు. మరుసటి నెలలో రెండు నెలల వాడకం 150 యూనిట్లు ఒకేసారి వచ్చింది. ఒకే నెలగా లెక్కిస్తే రూ. 567.00. నెలకు 75 చొప్పున విడదీసి లెక్కిస్తే 192 × 2 = రూ. 384.00. తేడా రూ. 183.00. ‘రీడింగు అందని నెలలు ఉంటే యూనిట్లను సమానంగా పంచి లెక్కించాలి’ అనే కోరిక వచ్చిందనుకోండి. పాత మెథడ్‌లో 7–12 వరుసల చుట్టూ మరో ఆవృత్తి చుట్టాలి. సంక్లిష్టత ఇంకా పెరుగుతుంది. కొత్త రూపంలో విద్యుత్_ఛార్జీ(75)ను పిలిచి రెండుతో గుణిస్తే చాలు. ఆ మెథడ్‌ను ముట్టుకోనే అక్కరలేదు.

నియమాలు అంకెలలోనే కాదు, రూపంలోనూ మారతాయి. 2022-23కు ముందు గృహ వినియోగదారులను వాడకాన్ని బట్టి వర్గాలుగా చేసి, వర్గానికి వేరు స్లాబులు ఉండేవి. ఆ ఉత్తర్వుతో అందరికీ ఒకే స్లాబుల వరుస వచ్చింది. ఇటువంటి మార్పును పట్టికలో అంకె మార్చి సాధించలేం. విద్యుత్_ఛార్జీని తిరిగి రాయవలసిందే. అయినా తిరిగి రాయవలసింది ఆ ఒక్క మెథడ్‌నే. ముద్రణ, బకాయి, సందేశం నిశ్చింతగా ఉంటాయి.

9.8 సారాంశం

సుదీర్ఘ మెథడ్ చదవడానికీ, పరీక్షించడానికీ, మార్చడానికీ కష్టం. వరుసల సంఖ్య, సైక్లోమాటిక్ సంక్లిష్టత, కాగ్నిటివ్ సంక్లిష్టత ఎక్కడ చూడాలో చెబుతాయి. నిర్ణయాల సంఖ్యకు 1 కలిపితే సైక్లోమాటిక్ సంక్లిష్టత వస్తుంది. 10 దాటిన మెథడ్‌ను పరిశీలించాలి. విడదీసే ముందు హద్దుల వద్ద పరీక్షలు రాయాలి. ఒక్కసారి ఒక్క ముక్కనే వేరుచేసి, ప్రతి అడుగు తరువాత పరీక్షలు నడపాలి. విడదీసినందువల్ల మొత్తం సంక్లిష్టత తగ్గకపోవచ్చు. ఒక్కో మెథడ్ బరువు తగ్గుతుంది. కొలత తగ్గినా నియమం సులభం కాదు, కాబట్టి పరీక్షలను తగ్గించవద్దు.

9.9 మీ అవగాహనను పరీక్షించుకోండి – సమాధానాలు

1. ఆవృత్తి 1, షరతు 1, ‘మరియు’ 1, నిర్ణయాలు 3. సంక్లిష్టత 4. ‘కాకుంటే’ను లెక్కించరు.
2. 57.00 + 135.00 + 225.00 + 150.00 = రూ. 567.00. 150 యూనిట్లు 0, 30, 75, 125 అనే కింది హద్దుల కంటే ఎక్కువ. కాబట్టి నాలుగు వరుసలకు నిజమవుతుంది.

9.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వరుసలలో సమాధానాలు రాయండి.
1. సైక్లోమాటిక్ సంక్లిష్టతను నిర్వచించి, ఒక ఉదాహరణతో లెక్కించే విధానాన్ని వివరించండి.
2. సుదీర్ఘ మెథడ్‌ను విడదీసే దశలను వివరించండి. ప్రతి దశలో పరీక్షల పాత్ర ఏమిటి?

II. కింది ప్రశ్నలకు 10 వరుసలలో సమాధానాలు రాయండి.
1. మెథడ్‌ను విడదీసిన తరువాత మొత్తం సంక్లిష్టత పెరగడానికి కారణాలు తెలపండి.
2. షరతుల వరుసను పట్టికగా మార్చినా పరీక్షల సంఖ్య ఎందుకు తగ్గదు?

III. అభ్యాసం
మీ ఇంటి కరెంటు బిల్లు తీసుకోండి. యూనిట్ల సంఖ్య చూసి, ఆ బిల్లుకు వర్తించే ధరలతో విద్యుత్ ఛార్జీని చేత్తో లెక్కకట్టండి. తరువాత విద్యుత్_ఛార్జీ మెథడ్‌ను మీకు తెలిసిన భాషలో రాసి, మూడు విలువలూ సరిపోతున్నాయో లేదో చూడండి: బిల్లులోనిది, చేత్తో వచ్చినది, ప్రోగ్రాము ఇచ్చినది. తేడా ఉంటే కారణం తేలేవరకు కోడ్‌ను మార్చవద్దు.